ఊపిరిని లెక్కించుట

కార్తికమాసము వచ్చినతోడనే మన తరగతులలో ఉపాధ్యాయుల కంఠముకంటె విద్యార్థుల దగ్గే హెచ్చుగా వినవచ్చును. ఒకని ముక్కు కారుచుండును. వేఱొకడు కన్నులు తుడిచికొనుచుండును. మూడవవాడు తలనొప్పి యని సెలవుచీటి పట్టుకొని నిలిచియుండును. వారము తిరుగునప్పటికి వీరందఱును కోలుకొని ఆటస్థలమున కేకలు వేయుచుందురు. జలుబుదగ్గులు మన కింత పరిచితము లగుటచేతనే వానిని గూర్చి యెవరును ఆలోచింపరు. కాని యీ చిన్న జబ్బునకును, లోకమున ఐదేండ్ల లోపు శిశువులను ఇతర అంటువ్యాధు లన్నింటికంటె హెచ్చుగా బలిగొనుచున్న న్యుమోనియాకును, తొలి రెండుమూడు దినములలో ముఖ మొక్కటియే. రెండింటను దగ్గుండును, జ్వరముండును, పసివాడు చిరచిరలాడుచుండును. ఏది తనంతట తాను పోవునది, ఏది మందు లేనిదే పోనిది యని యింటివారు తెలిసికొనుట యెట్లు? దీనికి మిక్కిలి సులభమైన సాధన మొకటి కలదు. అది యంత్రము కాదు, మందు కాదు. ఒక గడియారమును, అరువదివఱకు లెక్కింపగల నేర్పును ఉన్న చాలును.

ముందుగా శ్వాసమార్గము యొక్క స్వరూపమును కొంచెము తెలిసికొందము. తలక్రిందుగా నిలిపిన చెట్టును తలచికొనుడు. వాయునాళము దాని మ్రాను. అది ఱొమ్ములో రెండు కొమ్మలై, కొమ్మలు రెమ్మలై, రెమ్మలు ఇంచుమించు ఇరువదిమాఱులకు మించి చీలి, తుదకు ఆకులవలె సన్నని గాలితిత్తులలో ముగియును. ఎదిగిన మనుష్యుని ఊపిరితిత్తులలో ఇట్టి గాలితిత్తులు దాదాపు 48 కోట్లు ఉండునని లెక్కించిరి. వాని గోడలు మిక్కిలి పలుచనివి. ఆ గోడల కావల రక్తము పాఱుచుండును. ఈవల గాలి నిలిచియుండును. ప్రాణవాయువు అటు పోవుటయు, బొగ్గుపులుసు గాలి యిటు వచ్చుటయు అచ్చటనే జరుగును. ముక్కు, గొంతుక, స్వరపేటికవఱకు గల భాగము ఎగువ మార్గము; అంతకు దిగువనున్నదంతయు దిగువ మార్గము. ఒకే సూక్ష్మజీవి యైనను ఎగువన నిలిచిన జలుబగును, దిగువకు దిగిన ప్రాణాపాయ మగును. కావున రోగము పేరుకంటె అది యెంతవఱకు దిగినదనుటయే ముఖ్యము.

ఎగువ మార్గపు జబ్బులలో మొదటిది జలుబు; దీనినే రొంప యనియు, పడిశె మనియు అందురు. ఇది వైరసులను అతిసూక్ష్మజీవులవలన కలుగును. వానిలో రైనోవైరసు అను ఒక్క కుటుంబమునందే నూటికి మించిన భేదములు కలవు. ఒకదానిని జయించినను మఱియొకటి కాచుకొని యుండును. ఏటేట మనకు జలుబు చేయుటకు కారణ మిదియే. వానలో తడిసినంత మాత్రమున జలుబు పుట్టదు. జలుబు చేసినవాడు ముక్కు తుడిచిన చేతితో తలుపు గడియ ముట్టును. ఆ గడియను ముట్టిన చేతితో మనము కన్ను నులుముకొందుము. అంతటితో రోగము చేతులు మాఱును. సామాన్యముగా వారము పది దినములలో ఇది తగ్గిపోవును. దగ్గు మాత్రము రెండు మూడు వారములు సాగవచ్చును.

బాక్టీరియాను చంపు యాంటిబయాటిక్ మందులు వైరసులను ఏమియు చేయజాలవు. అయినను, జలుబు చేసిన మఱునాడే మందుల దుకాణమునకు పోయి రెండు మాత్రలు కొని మ్రింగువారు మనలో పెక్కండ్రు. తెమడ పచ్చబడినదిగదా యని కొందఱందురు. ఆ పచ్చదనము మన రక్తములోని తెల్లకణములు పోరాడి చచ్చుటవలన వచ్చినదే గాని, దానినిబట్టి మందు వలయునని చెప్పరాదు. అవసరము లేనప్పుడు ఈ మందులను వాడుటచే సూక్ష్మజీవులు వానికి అలవాటుపడి, నిజముగా న్యుమోనియా వచ్చిననాడు అదే మందు పనిచేయకపోవచ్చును. దగ్గుమందుల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. 2025 లో మధ్యప్రదేశమున ఛింద్వాడా జిల్లాలో కలుషితమైన దగ్గుమందు త్రాగి పలువురు పసిపిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. మందు కల్తీలేనిదే యైనను రెండేండ్లు నిండని బిడ్డకు దగ్గుమందు ఇయ్యరాదు.

మఱి చేయవలసిన దేమి? గోరువెచ్చని నీరు, గంజి, చారు తఱచుగా త్రాగింపవలయును. పెద్దలు ఉప్పునీటితో పుక్కిలింపవచ్చును. మిరియాల కషాయమునకు నేను విరోధిని కాను; గొంతుకకు హాయి కలిగించును, హాని చేయదు. ఒక చెంచా తేనె రాత్రిదగ్గును తగ్గించును. కాని ఏడు నిండని శిశువుకు తేనె నాకింపరాదు, అందుండు ఒక సూక్ష్మజీవివలన పక్షవాతమువంటి జబ్బు కలుగుట గలదు. పాలు కుడుచు బిడ్డకు తల్లిపాలను మించినది లేదు. ముక్కు దిబ్బడవేసినచో పరిశుభ్రమైన ఉప్పునీటి చుక్కలు రెండు వేసి తుడిచిన, బిడ్డ పాలు కుడువగలుగును. మరుగునీళ్ల గిన్నెమీద పిల్లవానిని వంచి ఆవిరి పట్టించుట మాత్రము వలదు. ఆవిరివలన కలుగు మేలుకంటె గిన్నె తొలగి ఒడలు కాలిన కష్టమే హెచ్చు.

గొంతునొప్పిని గూర్చి మన పాఠశాల వయసువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన దొకటి కలదు. దగ్గును ముక్కుకారుటయు లేక, జ్వరముతో గొంతుక ఎఱ్ఱబడి, కొండనాలుకకు ఇరుప్రక్కల చీమువంటి తెల్లని మచ్చలు కనబడి, మెడలో బిళ్లలు కట్టి ముట్టుకొన్న నొప్పించినచో, అది స్ట్రెప్టోకాకస్ అను బాక్టీరియా పని కావచ్చును. ఈ జాతి గొంతునొప్పిని వైద్యము లేక విడిచినచో కొందఱు బాలబాలికలకు కొన్ని వారముల తరువాత కీళ్లవాత జ్వరము వచ్చి గుండెకవాటములు శాశ్వతముగా చెడును. అది ఐదు మొదలు పదునైదేండ్లవారియందే హెచ్చు. దీనికి పెన్సిలిన్ జాతి మందు పనిచేయును. నొప్పి మూడవనాడే తగ్గినను పది దినములు పూర్తిగా వాడవలయును. ఇక గొంతులో బూడిదరంగు పొర కట్టుట కంఠసర్పికి గుర్తు. అది కనబడిన గంటసేపైనను తడయక ఆసుపత్రికి కొనిపోవలయును.

ఇప్పుడు దిగువ మార్గమునకు దిగుదము. వాయునాళపు కొమ్మలు వాచిన దగ్గు, తెమడ, కొందఱికి పిల్లికూతలును కలుగును. ఉబ్బసము గలవారికి ఇది మిక్కిలి కష్టము. ఎడతెగని దగ్గుతెరలు వచ్చి తుదిని కూతవంటి ధ్వనితో ఊపిరి పీల్చుట కోరింతదగ్గు. ఇవి రెండును వైద్యునికి చూపవలసినవే. కాని వీనియన్నింటికంటె క్రిందిది, చెట్టు చివరి యాకులకు పట్టిన తెగులు, న్యుమోనియా.

న్యుమోనియాలో ఏమి జరుగును? గాలి నిండవలసిన తిత్తులలో నీరును చీమును నిండును. ఊపిరితిత్తి స్పంజివలె మెత్తగా నుండక కాలేయమువలె గట్టిపడును. బిడ్డ ఒక్కొక్క ఊపిరికి పీల్చుకొనగల గాలి తగ్గును. తగ్గిన లోటును తీర్చికొనుటకు శరీరము ఎఱిగిన ఉపాయ మొక్కటియే: ఊపిరుల సంఖ్యను పెంచుట. పెద్దకుండతో నీరు తోడలేనివాడు చిన్నచెంబుతో వడివడిగా తోడినట్లు, బిడ్డ చిన్నచిన్న ఊపిరులను వేగముగా తీయును. తిత్తి యింకను గట్టిపడినచో, దానిని విప్పుటకు ఱొమ్ము క్రిందిభాగపు కండరములు బలముగా లాగవలసివచ్చును. అప్పుడు ఊపిరి పీల్చునపు డెల్ల ప్రక్కటెముకల దిగువభాగము లోనికి గుంటపడును. మన యూళ్లలోని పెద్దలు దీనినే “డొక్క లెగరవేయుట” యందురు. ఏ పుస్తకమును చదువని మన అవ్వలు ఈ గుర్తును కనిపెట్టి పేరుపెట్టిరన్న, వారి చూపును మెచ్చుకొనవలసినదే. వారు చేసిన చికిత్సను మాత్రము మెచ్చుకొనజాలము. ఉడుకుచున్న బిడ్డ పొట్టమీద వాతలు పెట్టుటవలన రోగము పోదు సరికదా, కాలిన పుండు దానికి తోడగును. అంతకంటె ముఖ్యముగా, ఆసుపత్రికి పోవలసిన ఒక దినము వ్యర్థమగును.

ఱొమ్ములోపలి సంగతిని పైనుండి తెలిసికొనుటకు వైద్యులు చిరకాలము ప్రయత్నించిరి. ఆస్ట్రియా దేశపు ఆవెన్‌బ్రుగ్గర్ 1761 లో ఱొమ్మును వ్రేళ్లతో తట్టి, ధ్వనిని బట్టి లోపల గాలి యున్నదో నీరున్నదో చెప్పవచ్చునని ప్రకటించెను. ఆయన తండ్రి పూటకూళ్లయిల్లు నడపినవాడు. పీపాలను తట్టి అందెంత ద్రాక్షసారా మిగిలినదో తెలిసికొనుట ఆ యింట వాడుక. మనము సంతలో కుండను తట్టి కొనుటయు నిట్టిదే. 1816 లో పారిసునందు లెన్నెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి ఱొమ్మున ఆనించి వినెను. నేటి స్టెతస్కోపు దాని సంతానమే. ఇవి గొప్ప విద్యలే. కాని యేడ్చుచున్న పసిబిడ్డ ఱొమ్మున స్టెతస్కోపు పెట్టి సన్నని చిటపట ధ్వనిని పట్టుట ఆరితేఱిన వైద్యునికే కష్టము. వైద్యుడే లేని యూరిలో సంగతి చెప్పనక్కఱలేదు.

ఈ చిక్కును విడదీసినవారిలో ఫ్రాంక్ షాన్ ఒకడు. ఆయన పాపువా న్యూగినీ దేశపు కొండప్రాంతమున గొరోకా పట్టణములో శిశువులకు వైద్యము చేసెను. ఏయే గుర్తులు న్యుమోనియాను జలుబునుండి వేఱుచేయునో ఆయనయు, సహచరులును పరిశీలించి, ఊపిరి వేగమే మిక్కిలి నమ్మదగినదని 1984 లో ప్రకటించిరి. తరువాత మనకు సమీపముననే, చిత్తూరుసీమవారు జబ్బు చేసిన పరుగెత్తు వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలో, కొందఱు వైద్యులు ఇట్టి పరిశోధనమే చేసి 1988 లో ఫలితము వెల్లడించిరి. ఏడు నిండని శిశువు నిమిషమునకు 50 కంటె హెచ్చుగాను, ఏడు దాటిన బిడ్డ 40 కంటె హెచ్చుగాను ఊపిరి తీసినచో రోగము దిగువ మార్గమునకు దిగినదని తెలియవచ్చునని వారు తేల్చిరి. ఇట్టి పరిశోధనములను ఆధారము చేసికొని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన లెక్క యిది: రెండు నెలలు నిండని శిశువుకు నిమిషమునకు 60, రెండు నెలలు మొదలు ఏడు నిండువఱకు 50, ఏడు మొదలు ఐదేండ్లవఱకు 40. దగ్గుగాని ఊపిరి తీయుటలో కష్టముగాని యున్న బిడ్డకు ఊపిరులు ఈ సంఖ్యను చేరినను దాటినను న్యుమోనియా యని యెంచి వైద్యునియొద్దకు పోవలయును.

లెక్కించు పద్ధతి యిట్టిది. బిడ్డ నిదురించుచున్నప్పుడో, తల్లి యొడిలో నెమ్మదిగా నున్నప్పుడో లెక్కింపవలయును. ఏడ్చునపుడును, పాలు కుడుచునపుడును లెక్క పనికిరాదు. చొక్కా పైకెత్తి, పొట్టయు ఱొమ్మును కలియుచోట చూపు నిలుపవలయును. పైకి లేచి క్రిందికి దిగుట ఒక ఊపిరి. గడియారమున సెకండ్ల ముల్లు ఒక చుట్టు పూర్తియగువఱకు, అనగా నిండు నిమిషము లెక్కింపవలయును. పదునైదు సెకండ్లు లెక్కించి నాలుగింతలు చేయుట గణితమునందు సరియైనను ఇచ్చట తప్పు. పసివారి ఊపిరి ఒకమాఱు వడిగాను ఒకమాఱు మెల్లగాను ఉండును. లెక్క హద్దునకు చేరువగా నున్నచో మఱల ఒకమాఱు చూడవలయును. రెండు నెలలలోపు శిశువు విషయమున రెండవ లెక్క తప్పనిసరి. ఒకరు గడియారమును చూచుచు, మఱియొకరు ఊపిరిని లెక్కించిన పొరపాటుండదు. ఆఱవ తరగతి విద్యార్థియు, వాని తల్లియు కలిసి చేయగల పని యిది.

లెక్కయే రానివారి మాట యేమి? ప్రాణహితకు గోదావరికి ఆవలి యొడ్డున మహారాష్ట్రమునకు చెందిన గడ్చిరోలి జిల్లా కలదు. ఆ జిల్లాలోని సిరోంచ ప్రాంతమున నేటికిని తెలుగు మాటాడువారు పెక్కండ్రు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1986 లో సెర్చ్ అను సంస్థను స్థాపించి ఆ యడవిపల్లెలలో పనిచేయసాగిరి. వైద్యుడు దొరకని యూళ్లలో గ్రామ కార్యకర్తలకును, మంత్రసానులకును న్యుమోనియాను గుర్తించి నోటిమందు ఇచ్చుట నేర్పిరి. 1990 లో వారు ప్రకటించిన ఫలితము ప్రకారము, ఆ విధముగా చికిత్స పొందిన 612 మంది రోగులలో మరణించినవారు నూటికి 0.8 మాత్రమే, ఇట్టి యేర్పాటు లేని ప్రక్క గ్రామములలో నూటికి 13.5 మంది మరణించిరి. ఆ మంత్రసానులు పదిపండ్రెండుకు మించి లెక్కింపలేనివారు. వారికొఱకు ఒక చిన్న పరికరము చేసిరి. అందు నిమిషములో జాఱు ఇసుకగడియారమును, రెండు వరుసల పూసలును ఉండును. పది ఊపిరులు కాగానే ఒక పూసను జరుపవలయును. చిన్నశిశువుల వరుసలో ఐదు పచ్చపూసల తరువాత ఒక ఎఱ్ఱపూస, పెద్దబిడ్డల వరుసలో నాలుగు పచ్చపూసల తరువాత ఒక ఎఱ్ఱపూస. ఇసుక అంతయు జాఱకముందే ఎఱ్ఱపూస కదలెనా, అది న్యుమోనియా! జపమాలకు ఇంతకంటె పుణ్యమైన పని యెవరైన అప్పగించిరో లేదో నేనెఱుగను.

కొన్ని గుర్తులు కనబడినచో లెక్కతో గూడ పనిలేదు. 108 బండిని పిలిచి వెంటనే ఆసుపత్రికి పోవలయును. బిడ్డ పాలుగాని నీరుగాని త్రాగలేకపోవుట, త్రాగినదంతయు వెళ్లగ్రక్కుట, మూర్ఛలు వచ్చుట, లేపినను లేవక మగతగా పడియుండుట, నెమ్మదిగా నున్నప్పుడు సైతము ఊపిరి పీల్చునపుడు గురగురమను కూత వినబడుట, పెదవులు నీలిబాఱుట అట్టివి. రెండు నెలలలోపు శిశువుకు జ్వరము వచ్చినను, ఒడలు చల్లబడినను, డొక్కలు బాగుగా లోనికి పోయినను ప్రమాదమే. ఇండ్లలో వ్రేలికి తగిలించి చూచు ఆక్సిమీటరు 2020 నాటి కరోనా కాలమునుండి పలువురికి పరిచితము. అది 94 కంటె తక్కువ చూపినచో ఆలస్యము చేయరాదు.

పెద్దలయందును న్యుమోనియా కలదు. నిమిషమునకు 12 మొదలు 20 వఱకు ఊపిరి తీయవలసిన మనుష్యుడు 30 తీయుచున్నచో అది కఠినమైన రోగము. ముసలివారిలో జ్వరము రాకయే, మాట తడబడుటయు, మనుష్యులను గుర్తింపలేకపోవుటయు మొదటి గుర్తు కావచ్చును. తాతగారికి మతి చలించినదని మూలనుంచక ఊపిరిని లెక్కించి చూడవలయును. ఇక ఏ వయసువారికైనను దగ్గు రెండు వారములు దాటిన తెమడను పరీక్ష చేయింపవలయును. క్షయకు పరీక్షయు, మందులును ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించును.

న్యుమోనియా రాకుండ కాపాడు ఉపాయములలో టీకాలు ప్రధానమైనవి. ఆఱు, పది, పదునాలుగు వారములకు వేయు పెంటావలెంట్ టీకాలో కంఠసర్పి, కోరింతదగ్గు, హిబ్ అను బాక్టీరియా చేరియున్నవి. న్యుమోకాకస్ అను బాక్టీరియాకు ప్రతిగా వేయు టీకా 2017 నుండి మన దేశమున కొన్ని రాష్ట్రములలో మొదలై, 2021 లో దేశమంతటికిని విస్తరించెను. వెనుక ధనికుల బిడ్డలకే అందిన యీ టీకా యిప్పుడు కూలివాని బిడ్డకును వెల లేకుండ దొరకుచున్నది. తొలి ఆఱునెలలు తల్లిపాలు మాత్రమే యిచ్చుట, కట్టెలపొయ్యి పొగకును చుట్టపొగకును బిడ్డను దూరముగా నుంచుట, సబ్బుతో చేతులు కడుగుట మిగిలినవి.

చికిత్సను గూర్చి చెప్పి విరమింతును. 1938 లో సల్ఫాపిరిడిన్ మందు వచ్చువఱకు న్యుమోనియాకు వైద్యుడు చేయగలిగినది మిక్కిలి స్వల్పము. 1928 లో ఫ్లెమింగు కనుగొన్న పెన్సిలిన్ రెండవ ప్రపంచయుద్ధకాలమున విరివిగా వాడుకలోనికి వచ్చెను. 1895 లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధ్యక్షులై యుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. పెన్సిలిన్‌కు లొంగని కొన్ని న్యుమోనియాలు దీనికి లొంగినవి. అది 1948 లో వెల్లడియైనది. సుబ్బారావుగారు ఆ యేటనే గతించిరి.

నేడు ఇంటివద్దనే నయముచేయదగిన బాల న్యుమోనియాకు అమాక్సిసిలిన్ అను నోటిమందు చాలును. బిడ్డ తూకమునుబట్టి మోతాదు నిర్ణయింపవలయును గనుక వైద్యుడే వ్రాసి యియ్యవలయును; అన్నకు మిగిలిన మందు తమ్మునికి పోయుట తగదు. సామాన్యముగా ఐదు దినములు, జ్వరము ముందే తగ్గినను, పూర్తిగా ఇయ్యవలయును. కఠినమైన రోగమునకు ఆసుపత్రిలో సూదిమందును, ప్రాణవాయువును వలయును. ఇంటివద్ద మందు మొదలుపెట్టిన రెండు దినములకు బిడ్డను మఱల చూపవలయును. ఆనాడును గడియారమును దగ్గఱ పెట్టుకొని లెక్కింపుడు. మందు పనిచేయుచున్నచో ముందుగా తగ్గునది దగ్గు కాదు, ఊపిరి వేగము. అరువది యున్నది నలుబదియైదునకు దిగి, బిడ్డ పాలు కుడువ మొదలిడినచో భయము లేదు. దగ్గు ఇంకొక రెండు వారములు ఉన్నను ఉండనిండు.